మా ఊరి పక్కన ఫార్మా పార్కు: ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలి?

పొలంగట్టు (చర్చ మొదలుపెట్టినవారు), జనవరి 11, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేస్తాను. మా ఊరు సిటీకి 80 కిలోమీటర్ల లోపే ఉంటుంది. పేరు ఇప్పుడే రాయలేను, మా ఇంట్లోనే దీని మీద రెండు మాటలున్నాయి. బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు ముడిసరుకు) కంపెనీల కోసం మా ఊరి పక్కన పార్కు కడతారట. ఈ నెల 28న ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో నోటీసు వచ్చింది.

మాకు మూడెకరాల పట్టా భూమి, ఎకరంన్నర లావుణి పట్టా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి) ఉన్నాయి. మంచి ధర వస్తే ఇచ్చేసి సిటీ దగ్గర ప్లాటు కొనుక్కుందాం అంటాడు నాన్న. మన భూమి పోకపోయినా మన బోరు పోతుంది కదా అంటుంది అమ్మ. మా చిన్నాన్న కౌలు చేసుకుని బతుకుతాడు, ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఆఫీసులో ఈ విషయం చెబితే, "దేశం ఎదగాలంటే కొంత తప్పదు. ముందు డబ్బు రానీ, తర్వాత శుభ్రం చేసుకుంటారు. అన్ని దేశాలూ అలాగే ఎదిగాయి" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వారం రోజులుగా అదే టెన్షన్. పార్కు వద్దని చెప్పమని అడగడం లేదు. ఆ రోజు మైకు నా చేతికి వస్తే ఏం అడగాలి?

---

నక్కవాగు, జనవరి 11, రాత్రి 11:45

తమ్ముడూ, నేను పటాన్‌చెరు వైపు వాణ్ని, వయసు 61. నువ్వు రాసింది చదివితే మా నాన్న, మా అమ్మ మాట్లాడుకున్నట్టే ఉంది, కాలం ఒక్కటే తేడా.

మా దగ్గర పారిశ్రామికవాడ 1970ల్లో మొదలైంది. మెదక్ వెనకబడిన జిల్లా కాబట్టి కంపెనీలు పెడితే సబ్సిడీ అన్నారు. ఊళ్లో సంతోషించని ఇల్లు లేదు. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం అంతా నిండిపోయింది. నిజం చెప్పాలి, మా అన్న కూడా ఒక కంపెనీలో హెల్పర్‌గా చేరాడు. ఆ జీతంతోనే ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. కాబట్టి కంపెనీలు ఏమీ ఇవ్వలేదని నేను అనను.

కానీ నక్కవాగు పోయింది. నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను. అది మంజీరలో కలిసే వాగు. చిన్నప్పుడు అందులో ఈదేవాళ్లం, గట్టున దోసకాయలు పండించేవాళ్లు. ముందు రంగు మారింది, తర్వాత చేపలు పోయాయి, ఆ తర్వాత ఆ నీళ్లు తాగిన గొడ్లు ఈనడం మానేశాయి. వాన పడిన రాత్రి వాసన వస్తే మాకు అర్థమయ్యేది, ఎవరో ట్యాంకర్ వదిలారని. తెల్లారేసరికి వాన నీళ్లలో కలిసిపోయేది, ఎవరి దగ్గరికి పోయి అడగాలి?

పటాన్‌చెరులో ప్రాక్టీస్ చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు దశాబ్దాల పాటు ముందుండి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగి 2017లో తేలింది. 27 ఏళ్లు! కేసు వేసేనాటికి నాకు పెళ్లి కాలేదు. తేలేనాటికి మా పెద్దమ్మాయికి పెళ్లయింది. మధ్యలో రైతులకు నష్టపరిహారం ఇచ్చారు. అది పోయిన పంటకు. పోయిన వాగుకు ఎవరు ఏమిస్తారు?

"తర్వాత శుభ్రం చేసుకుంటారు" అన్నవాళ్లను ఒకసారి మా ఊరు తీసుకురా. ఆ "తర్వాత" ఎప్పుడో మేమూ ఎదురుచూస్తున్నాం.

---

ఎకనామిక్స్_మేడం, జనవరి 12, ఉదయం 7:05

నేను డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. పొలంగట్టు గారు, మీ ఆఫీసు వాళ్ల మాట వెనక ఒక సిద్ధాంతమే ఉంది. 1955లో సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త, దేశం ఎదిగే తొలి దశలో అసమానత పెరుగుతుంది, కొంత దూరం వెళ్లాక తగ్గుతుంది అన్నాడు. గీస్తే తలకిందులుగా పెట్టిన గిన్నెలా ఉంటుంది. 1990ల్లో ఇంకొందరు ఇదే బొమ్మను కాలుష్యానికి వర్తింపజేశారు. ఆదాయం పెరిగే కొద్దీ కాలుష్యం ముందు పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతుందని.

ఈ బొమ్మ పూర్తిగా అబద్ధం కాదు. పొగ గొట్టాల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి చాలా సంపన్న దేశాల్లో నిజంగానే తగ్గాయి. కానీ తగ్గడం దానంతట అది జరగలేదు. చట్టాలు వచ్చాయి, జనం వీధుల్లోకి వచ్చారు, కోర్టులు జరిమానాలు వేశాయి. కొంత కాలుష్యమైతే తగ్గలేదు, చిరునామా మార్చుకుంది. సంపన్న దేశాలు వాడే మందులు, తోలు, బట్టల రంగులు ఇప్పుడు తయారయ్యేది ఎక్కడ? మన దగ్గర, బంగ్లాదేశ్‌లో, చైనాలో.

పిల్లలకు నేను క్లాసులో చెప్పేది ఇంకొకటుంది. ఆ బొమ్మలో అడ్డగీత మీద ఉండేది "సగటు ఆదాయం". సగటు ఎవరింట్లోనూ వండుకు తినరు. 2022-23లో మన దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉన్నాయని ఆర్థికవేత్త థామస్ పికెటీ బృందం 2024లో లెక్కగట్టింది. తెలంగాణలోనే చూడండి, తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా అందరికంటే పైన ఉంటుంది. దాని పక్కనే ఉన్న వికారాబాద్ చివరి వరసలో ఉంటుంది. గిన్నె బొమ్మలో పైకెళ్లి కిందికి దిగే మనిషి ఒక్కరే అనుకుంటాం. ఇక్కడ ఎక్కేది ఒకరు, పడేది ఇంకొకరు.

---

రియాక్టర్, జనవరి 12, మధ్యాహ్నం 1:30

నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు. 19 ఏళ్లుగా బల్క్ డ్రగ్ ప్రొడక్షన్‌లో ఉన్నాను, కెమిస్ట్‌గా చేరాను. మాది పాలమూరు వైపు కరువు ఊరు. ఈ పరిశ్రమ లేకపోతే నేను బొంబాయికి వలస పోయేవాణ్ని, మా నాన్నలాగే.

1970 పేటెంట్ చట్టం వల్ల 2005 దాకా మందుకు కాదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఉండేది, అదే మందును వేరే పద్ధతిలో ఎవరైనా చేయొచ్చు. బాలానగర్ ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. అందుకే హైదరాబాద్ మందుల రాజధాని అయ్యింది. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ రోగికి మందు అందిందంటే మన దేశంలో చవకగా తయారవడం వల్లే. ఇప్పటికీ మన మందుల ముడిసరుకులో పెద్ద భాగం చైనా నుంచే వస్తోంది. రేపు అక్కడ ఆగిపోతే ఇక్కడ పారాసెటమాల్ కూడా కష్టమే. కాబట్టి ఫార్మా పార్కే వద్దంటే నేను ఒప్పుకోను.

టెక్నాలజీ లేక కాలుష్యం జరగడం లేదు. వ్యర్థ జలాన్ని ఆవిరి చేసి, ఉప్పు వేరుచేసి, మిగిలిన నీటిని మళ్లీ వాడే జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దానికి కరెంటు, ఆవిరి, డబ్బు కావాలి. కొనేవాడు కిలోకి రూపాయి తక్కువ అడుగుతాడు. ఆ రూపాయి ఎక్కడ మిగిలించాలి అన్నప్పుడు ముందు కోత పడేది నీళ్లను ఆవిరి చేసే ఈ ఎవాపరేటర్ నడిపే గంటల మీదే. నేను పనిచేసిన ఒక చోట ఇది కళ్లారా చూశాను. చెప్పాను, వినలేదు, మానేశాను.

---

ల్యాబ్_నుంచి, జనవరి 12, సాయంత్రం 6:50

రియాక్టర్ అన్న చెప్పిన ఆ "కిలోకి రూపాయి" ఎంత దూరం పోతుందో నేను చెబుతాను. నేను మైక్రోబయాలజీ చదివాను.

2007లో స్వీడన్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థాలు అక్కడికి వచ్చేవి. "శుద్ధి అయిన" ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. సిప్రో వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోల మందు నీళ్లలో పోతోందని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే సిప్రోకు సమానమని వాళ్లు లెక్కగట్టారు.

అంత మందు రోజూ పారే నీటిలో బతికే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. ఆ లక్షణాన్ని పక్క బ్యాక్టీరియాకు కూడా ఇస్తుంది. అక్కడి నుంచి అది ఊరి బావిలో ఆగుతుందా, సిటీ ఐసీయూకి వెళ్తుందా అన్నది మన చేతుల్లో లేదు.

2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మందుల కంపెనీల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్స్ ఎంత మించకూడదో ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అవి పాటించాలో లేదో కంపెనీ ఇష్టం. పొలంగట్టు గారూ, మీ పార్కులో యాంటీబయాటిక్స్ తయారుచేస్తారా, చేస్తే వాటిని ఎవరు కొలుస్తారు అని తప్పకుండా అడగండి.

---

నక్కవాగు, జనవరి 12, రాత్రి 9:10

ఆ శుద్ధి చేసిన నీళ్లు తర్వాత ఎటు పోయాయో కూడా రాయాలి. మా గొడవ పెరిగాక సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి, సిటీ మురుగులో కలిపి అంబర్‌పేట ప్లాంటుకు పంపారు. అంటే మంజీర వైపు పోయేది మూసీ వైపు తిరిగింది. మూసీ కింద భువనగిరి, సూర్యాపేట వైపు రైతులు ఆ నీళ్లతోనే వరి పండిస్తారు. మా బాధ తీరిందని సంబరపడాలా? అక్కడి రైతు ముఖం చూసి నేను ఆ మాట అనలేను.

---

ఉత్తరగాలి, జనవరి 13, ఉదయం 5:40

నేను 2012 నుంచి 2018 వరకు బీజింగ్‌లో ఉద్యోగం చేశాను, అందుకే "తర్వాత శుభ్రం చేసుకుంటారు" అన్న మాటకు చైనా ఉదాహరణ రాయాలనిపించింది.

2013 జనవరిలో ఎదురుగా ఉన్న బిల్డింగ్ కనబడేది కాదు. మా అబ్బాయికి అప్పుడు రెండేళ్లు, వారాల తరబడి బయటికి తీసుకెళ్లలేదు. ఆ ఏడాదే ప్రభుత్వం గాలి శుద్ధికి కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2014 మార్చిలో ప్రధాని లీ కెచియాంగ్ కాలుష్యంపై యుద్ధం అని పార్లమెంటులో ప్రకటించారు. అది మాటగా మిగల్లేదు. బీజింగ్‌లో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) ఏడాది సగటు 2013లో ఘనపు మీటరుకు 90 మైక్రోగ్రాముల దగ్గర ఉండేది, 2021కి 33కి వచ్చింది. కాబట్టి "తర్వాత శుభ్రం" సాధ్యమే అని మీ ఆఫీసు వాళ్లు అనొచ్చు.

అయితే ఆ శుభ్రం చేసిన బిల్లు ఎవరు కట్టారో నేను చూశాను. 2017 చలికాలంలో చుట్టుపక్కల హెబెయ్ రాష్ట్రంలో బొగ్గు కాల్చడం నిషేధించారు. బొగ్గు పొయ్యిలు తీసేశారు, చాలా ఊళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదు. కొన్ని బడుల్లో లోపల గడ్డకట్టే చలి తట్టుకోలేక పిల్లల్ని బయట ఎండలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. మా ఇంట్లో పని చేసే ఆవిడది హెబెయ్ పల్లెటూరే. బీజింగ్ ఆకాశం నీలంగా ఉందని నేను సంతోషపడుతుంటే, తన తల్లి దుప్పట్లు కప్పుకుని కూర్చుందని చెప్పింది. మురికి చేసినప్పుడు లాభం వాళ్లకు రాలేదు, శుభ్రం చేసినప్పుడు చలి మాత్రం వాళ్లకు వచ్చింది. గాలి అయితే పదేళ్లలో తేరుకుంది. చైనాలో చాలా చోట్ల భూమిలో చేరిన కాడ్మియం అనే విష లోహం ఇంకా అలాగే ఉంది. నేలకు, భూగర్భ జలానికి గాలి లాగా గాలివాటం లేదు.

---

ఎకనామిక్స్_మేడం, జనవరి 13, ఉదయం 8:15

ఉత్తరగాలి గారు చెప్పినదానికి మన దగ్గరే జత ఉంది. 1996లో సుప్రీంకోర్టు ఢిల్లీ నుంచి 168 ప్రమాదకర పరిశ్రమల్ని నవంబరు 30లోగా తరలించమంది. ఢిల్లీ గాలికి అది అవసరమే. కానీ ఎన్నో వేల మంది కార్మికులు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. ఢాకాలో హజారీబాగ్ తోళ్ల కర్మాగారాలకు 2017 ఏప్రిల్‌లో కరెంటు, గ్యాస్ ఆపేసి సవార్‌కు పంపారు. అక్కడ కట్టిన ఉమ్మడి శుద్ధి కేంద్రం చాలలేదు. బూఢీగంగ నది బదులు ధలేశ్వరి నది పాడైంది.

మన జీవో 111 కూడా గుర్తుచేస్తాను. 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్లు, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదన్నారు. సిటీ తాగే నీళ్లు కాబట్టి. చాలా మంచి జీవో. కాజీపల్లి చెరువుకు అలాంటి జీవో ఎందుకు లేదు అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు. ఆ 84 గ్రామాల రైతులూ తమ భూమికి ధర రాలేదని పాతికేళ్లు బాధపడ్డారు. సిటీ కోసం వాళ్లు వదులుకున్నదానికి సిటీ ఏమీ ఇవ్వలేదు.

---

నల్లకోటు_అక్క, జనవరి 13, రాత్రి 10:30

తమ్ముడూ, నీ ప్రశ్నకు వస్తాను. నేను లాయర్‌ని, పర్యావరణ కేసులు చూస్తాను.

మొదట ఒక విషయం గట్టిగా చెబుతాను. పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం, పార్కు మొత్తానికి పర్యావరణ అనుమతి వచ్చాక లోపల పెట్టే ఒక్కో కంపెనీకి విడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. మీ ఊరికి మైకు దొరికేది ఈ ఒక్కసారే. రేపు యాభై కంపెనీలు వచ్చినా ఎవరూ మళ్లీ మిమ్మల్ని అడగరు. ఇది ఊళ్లో ప్రతి ఇంటికీ చెప్పు.

నోటీసుకు, సభకు మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. తేదీ చూసుకో. పార్కు పర్యావరణ ప్రభావంపై ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో చూడటానికి పెట్టాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. తెలుగులో లేకపోతే ఇప్పుడే రాతపూర్వకంగా అడుగు, సభ రోజు అడిగితే లాభం లేదు. సభకు ఇంతమంది రావాలని కోరం లేదు కాబట్టి, మనం వెళ్లకపోతే సభ ఆగిపోతుందని అనుకోవద్దు. బహిష్కరిస్తే మన మాట రికార్డులో లేకుండా పోతుంది. వీడియో తీయాలి. చివర్లో ఎవరేమన్నారో రాసింది తెలుగులో చదివి వినిపించాలి. అందరూ అలసిపోయి లేచిపోయే సమయం అదే. మీరు మాత్రం కూర్చోండి, విడిచిపెట్టింది ఉంటే అక్కడికక్కడే చెప్పి రాయించండి. మాట్లాడలేనివాళ్లు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవచ్చు.

మీ లావుణి పట్టా గురించి. అసైన్డ్ భూమికి కూడా పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని 2004లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. తక్కువ ఇస్తామంటే ఒప్పుకుని సంతకం పెట్టవద్దని నాన్నగారికి చెప్పు. చిన్నాన్న సంగతి ఇంకా ముఖ్యం. 2013 భూసేకరణ చట్టంలో "బాధిత కుటుంబం" అంటే భూమి ఉన్నవాళ్లే కాదు. మూడేళ్లుగా అక్కడ పని చేసుకుని బతికే కౌలుదారు, వ్యవసాయ కూలీ, చేతివృత్తి వాళ్లూ వస్తారు. కాగితం లేదన్నావు కాబట్టి ఎరువుల రసీదులు, ధాన్యం అమ్మిన చీటీలు, పక్క రైతుల వాంగ్మూలాలు ఇప్పటి నుంచే పోగు చేయండి.

---

సంద్రం_పక్కన, జనవరి 14, ఉదయం 6:20

అనకాపల్లి జిల్లా నక్కపల్లి వైపు మాది. మా దగ్గర బల్క్ డ్రగ్ పార్కు కడుతున్నారు, రాజయ్యపేటలో మా మత్స్యకారులు దానికి వ్యతిరేకంగా రోజుల తరబడి కూర్చున్నారు. అక్క చెప్పిన "బాధిత కుటుంబం" అన్న మాట మీద ఒకటి అడగాలనుంది. భూమి పోయినవాళ్లకు ఎకరాలుంటాయి. వేటకు వెళ్లేవాడికి సముద్రంలో ఎకరాలుండవు కదా. పైపు తీసుకెళ్లి నీళ్లలో కలిపితే మేము ఏం కోల్పోయామో ఏ కాగితంలో రాయాలి? మీ ఊళ్లో చెరువు మీద బతికే ముదిరాజులు, చాకలి వాళ్లు, గొర్రెలు మేపేవాళ్లు ఉంటే వాళ్లను కూడా మైకు దగ్గరికి తీసుకెళ్లండి.

---

రియాక్టర్, జనవరి 14, మధ్యాహ్నం 2:00

పొలంగట్టు తమ్ముడూ, "కాలుష్యం చేస్తారా" అని అడిగితే "చేయం" అంటారు. అలా అడగకు. లెక్కలు అడుగు.

రోజుకు ఎన్ని లక్షల లీటర్ల నీరు కావాలి, ఎక్కడి నుంచి తెస్తారు? బయటికి చుక్క రాదంటే, ఆవిరి చేశాక మిగిలే ఉప్పు రోజుకు ఎన్ని టన్నులు, అది ఏ డంపింగ్ యార్డుకు పోతుంది? శుద్ధి కేంద్రం ముందు కడతారా, కంపెనీలు ముందు వస్తాయా? శుద్ధి కేంద్రం చెడిపోయిన రోజు ఉత్పత్తి ఆపుతారా? మందు తయారుచేసే మొదటి రియాక్టర్ వేడెక్కకముందే చుట్టూ ఊళ్లలో ఇరవై, ముప్పై బోర్ల నీళ్లు పరీక్షించి ఫలితాలు పంచాయతీ ఆఫీసులో అతికించమను. మొదటి లెక్క లేకపోతే రేపు "ఈ నీళ్లు ముందు నుంచీ ఇంతే" అంటారు.

ఉద్యోగాల గురించి కూడా. ఎన్ని అని కాదు, ఎవరి రోల్ మీద అని అడుగు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి వచ్చిన కార్మికులు. కొందరి అవశేషాలను డీఎన్‌ఏతో గుర్తించాల్సి వచ్చింది. ఆ వారం నేను సరిగా తిండి తినలేదు.

---

పొలంగట్టు, జనవరి 29, రాత్రి 8:15

అందరికీ చాలా రుణపడి ఉన్నాను. నిన్న సభ జరిగింది.

టెంటు వేశారు, పోలీసులు చాలామంది ఉన్నారు. ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది మా మండలం వాళ్లే కాదు, బస్సుల్లో వచ్చారు. నా వంతు మధ్యాహ్నం వచ్చింది. చేతులు వణికాయి. రియాక్టర్ అన్న చెప్పిన లెక్కలే అడిగాను. నీటి సంగతి చెప్పారు. ఉప్పు ఎన్ని టన్నులు, ఎక్కడికి అంటే "వివరాలు తుది నివేదికలో చేరుస్తాం" అన్నారు. యాంటీబయాటిక్స్ కొలత గురించి జవాబు లేదు. నా తర్వాత అమ్మ లేచింది, నేను అనుకోలేదు. "మా బోరు నీళ్లు ఇప్పుడే సీసాలో పట్టి తెచ్చాను, మీరు సీలు వేసి దాచండి, పదేళ్ల తర్వాత పక్కన పెట్టి చూద్దాం" అని అధికారి బల్ల మీద పెట్టింది. నాన్న వెనక నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేదు.

అక్కా, మీరు చెప్పినట్టే చివరి దాకా కూర్చున్నాం. మేం నలభై మందిమి మిగిలాం. చదివి వినిపించినప్పుడు కౌలుదారుల మాట అందులో లేదు. చిన్నాన్నే లేచి చెప్పాడు, రాసి మళ్లీ చదివారు. ఆయన పేరు ఒక ప్రభుత్వ కాగితం మీదికి రావడం ఇదే మొదటిసారి. సీసాకు సీలు వేయలేదు, తీసుకెళ్లమన్నారు. వచ్చే సోమవారం నుంచి ముప్పై బోర్ల నీళ్లు మేమే పరీక్ష చేయిద్దామని ఊళ్లో ఇంటికి రెండు వందలు పోగు చేస్తున్నాం. ల్యాబ్_నుంచి గారూ, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఏ ఏ పరీక్షలు రాయించాలో, సీసాలు ఎలా కడగాలో కొంచెం వివరంగా చెప్పగలరా? నక్కవాగు అన్నా, ఈ ఆదివారం మా పిల్లల్ని పదిమందిని తీసుకుని మీ ఊరు రావచ్చా?

---

నక్కవాగు, జనవరి 29, రాత్రి 8:40

రా తమ్ముడూ. పొద్దున్నే బయలుదేరండి, ఎండెక్కితే వాగు దగ్గర వాసనకు పిల్లలు నిలబడలేరు. అన్నం మా ఇంట్లోనే. తాగే నీళ్లు మాత్రం మీరే తెచ్చుకోండి.